పద్నాలుగో నంబరు బ్యాటరీలు

పోయినవారం నన్ను పరీక్ష బల్ల ముందు నిలబెట్టి మీ దారిన మీరు వెళ్లిపోయారు. చేతిలో పరీక్ష యంత్రం పెన్ను గీసిన గీతల కాగితం, బల్ల మీద విప్పి పెట్టిన రెండు బ్యాటరీలు, వాటి మూతల కింద దొరికిన రెండు చీటీలు. రెండు చీటీల మీదా ఒకటే అంకె, పద్నాలుగు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్లు విసుక్కోకండి. నా పేరు వెర్లీన్ హాస్కెట్. మిస్సోరిలో సీసం గనులు మూతపడి, రాళ్లగుట్టలు మాత్రం మిగిలిన ఊరు మాది. గనులు పోయాక ఊరికి తిండి పెట్టింది బ్యాటరీల ప్లాంటే. యుద్ధ విమానంలో కరెంటు పోతే పైలట్ ముందున్న మీటర్ల ముళ్లు, రేడియో పడుకోకుండా ఆదుకునే బ్యాటరీలు చేస్తాం. మామూలు బ్యాటరీ డబ్బాలో ఉన్నా మెల్లమెల్లగా చచ్చిపోతూ ఉంటుంది. మావి అలా కాదు. వెండి పలకలూ జింకు పలకలూ లోపల పొడిగా ఉంటాయి, కాస్టిక్ నీళ్లు పక్కనే రాగి గొట్టంలో విడిగా ఉంటాయి. అవసరం పడిన క్షణాన చిటికెడు తుపాకి మందు పేలి ఆ నీళ్లను పలకల మీదికి తోస్తుంది. ఒక్క సెకనులో బ్యాటరీ మేలుకోవాలి. అప్పటిదాకా ఏళ్ల తరబడి నిద్రే. అన్నేళ్లు నిద్రపోయాక కూడా లేస్తుందా లేదా చూడడం నా ఉద్యోగం. ప్రతి నెల సరుకులోనూ కొన్ని గోదాములో పక్కన పెట్టి, ఏటా మార్చిలో ఆరేసి తీసి లేపి చూస్తాం.

1963 ఫిబ్రవరి సరుకు ఏడేళ్లు చెప్పిన మాట విన్నది. ఎనిమిదో ఏడు, అంటే 1971 మార్చిలో, ఆరింటిలో రెండు నాలుగు సెకన్లకు గానీ లేవలేదు. నాలుగు సెకన్లంటే మీరూ నేనూ తుమ్మి ముక్కు తుడుచుకునేంత సేపు. మబ్బులో తలకిందులుగా ఉన్నాడో నిటారుగా ఉన్నాడో తెలియని పైలట్‌కి మాత్రం అది చాలా ఎక్కువ.

లోపలి పలకలు చుట్టినవాళ్ల నంబరు చీటీ ప్రతి బ్యాటరీలోనూ ఉంటుంది. పద్నాలుగో నంబరు డెల్ఫియా రస్క్. నేను పిన్ని అని పిలిచేది ఆవిణ్ణే. రక్తసంబంధం ఏమీ లేదు. పంతొమ్మిదేళ్లప్పుడు కొండల్లోంచి ఒక పెట్టెతో దిగి, ఆవిడ ఇంట్లో మేడగది అద్దెకి తీసుకున్నాను. ఎనిమిదేళ్లైంది, ఇంకా దిగలేదు. పలకలకి సెలోఫేన్ కాగితం చుట్టడంలో ఆవిడంత మనిషి ప్లాంటులో లేదు. ఇరవై నాలుగేళ్లలో ఆవిడ చేతి పని ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. శుక్రవారం ఆవిడ ఆఖరి రోజు. కేకుకి చెప్పేశారు. "ఒక్కటీ వెనక్కి రాలేదు" అని ఇత్తడి పలక మీద అక్షరాలు కూడా చెక్కించేశారు.

మా ల్యాబు పెద్ద క్విలన్ గారు నెమ్మదస్తుడు. గీతలు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, సంగతి ఎక్కడ చిక్కుకుందో చెప్పారు. ఆ నెల సరుకు రెండు వేలు విమానాల్లో ఉంది. మొత్తం పీకెయ్యమంటే, యుద్ధం నడుస్తుంటే వైమానిక దళం వాళ్లు ఒప్పుకోరు. రెండింటికే ఇంత గోల ఏమిటి, ఇంకో నలభై పరీక్షించండి అంటారు, నెలలు గడిచిపోతాయి. కారణం ఇదీ, చెడ్డవి ఇవీ అని వేలు పెట్టి చూపిస్తే మాత్రం ఒక్క రోజులో తీయించగలనన్నారు. గురువారం పదింటికల్లా కాగితం తన బల్ల మీద ఉండాలన్నారు. ఆ రోజు బుధవారం.

సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చేసరికి పిన్ని కొట్టంలో ఉంది. పర్ల్ అని ఒక ముసలి ఆవు, దాని దగ్గర ముక్కాలిపీట వేసుకుని పాలు పితుకుతోంది. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

"ఏమిటే, మొహం అలా వేలాడేశావు? క్విలన్ పెళ్లాడమన్నాడా ఏమిటి?" అంది, తల తిప్పకుండానే.

క్విలన్ గారికి అరవై దాటాయి. మామూలు రోజైతే నేనూ ఒకటి అంటించేదాన్ని.

"పిన్నీ, అరవై మూడు ఫిబ్రవరివి రెండు ఆలస్యంగా లేచాయి. రెండింట్లోనూ నీ చీటీలే ఉన్నాయి."

పాలధార ఆగింది. పర్ల్ వెనక్కి తిరిగి చూసింది. ఎంత ఆలస్యం అని అడిగింది పిన్ని, చెప్పాను. విప్పి చూశావా అంది. చూశాను, కాగితం అంతా తడవాల్సింది, మచ్చలు మచ్చలుగానే తడిసింది, తడవని చోట జిడ్డుగా ఉంది, గోదాము వేడికి ఏళ్ల తరబడి పాకినట్టుంది అన్నాను. ఫిబ్రవరిలో ఏ వారాలు అని అడిగింది. రెండో వారంలో ఒకటి, మూడో వారంలో ఒకటి. ఆవిడ కాసేపు ఆవు పొట్టకి నుదురు ఆనించి కూర్చుంది.

ఆ జిడ్డు ఏమిటో ల్యాబులోనే నాకు సగం తెలుసు. వాసనే పట్టించింది. మా వైపు ఇంటింటా ఉండేదే, ఆకుపచ్చ డబ్బాలో పొదుగు మందు. ఆవు పొదుగు పగిలితే రాస్తారు. మనుషులూ రాసుకుంటారు, కానీ మా ప్లాంటులో చుట్టేవాళ్లకి అది నిషేధం. పలకలకి తడి తగలకూడదని ఆ గదిలో గాలిని ఎండగట్టేస్తారు. ఆ గాలికి చేతులు బీటలు వారతాయి. చేతొడుగులు ఇస్తారు గానీ, వేసుకుంటే కాగితం పట్టు చిక్కదు, అందరూ ఒట్టి చేతులతోనే చుట్టేవాళ్లు. చేతికి ఏదీ రాయకూడదని తలుపు మీదే ఎర్రక్షరాలతో రాసి ఉండేది.

"నేనేలే," అంది పిన్ని. "ఆ చలికి చేతులు ఓర్చుకోలేకపోయాను. పర్ల్ మందు పూసుకుని వెళ్లాను ఆ మూడు వారాలూ. అదే కాగితం మీద పెట్టు. కారణం దొరికింది కదా, పని చూసుకో."

ఏడుపొచ్చింది నాకు. ఇరవై నాలుగేళ్ల పేరు ఒక్క మాటతో తీసి నా చేతిలో పెట్టేసింది. ఆ ఇత్తడి పలక గుర్తొచ్చింది. పాల తపేలా అందుకుని పక్కన పెట్టాను.

పిన్ని లేచి గూట్లోంచి డబ్బా తీసింది. పొదుగుకి మందు రాయడం మొదలుపెట్టింది. నేను ఎన్నిసార్లు చూశానో ఆ పని, ఎప్పుడూ పట్టించుకోలేదు. పాత గుడ్డముక్క మూల పట్టుకుని, దాంతో డబ్బాలోంచి మందు తీసి, గుడ్డతోనే రాసి, ఆ గుడ్డని మేకుకి తగిలించింది. వేలి కొన కూడా అంటనివ్వలేదు. తర్వాత సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. సొంత కొట్టంలో, ఆఖరి రోజుకి రెండు రోజుల ముందు, ఎవరూ చూడని చోట కూడా అంతే.

వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. బొటనవేలు కొసకి గట్టి పట్టీ చుట్టి ఉంది. అరచేయి గరుకుగా, ఎండిన మోడులా, పాత బీటలన్నీ నల్లటి గీతలై ఉన్నాయి. ఇరవై నాలుగేళ్లు ఏ మందూ ఎరగని చెయ్యి అది. అబద్ధం ఆడడం చేతకాదు పాపం ఆవిడకి, అందులోనూ చేతులు చూపించి మరీ ఆడింది.

"నువ్వు పూసుకోలేదు," అన్నాను.

పిన్ని చెయ్యి లాక్కుంది. పాలు విరిగిపోతాయి లోపలికి పద అంది. నేను కదల్లేదు. ఆ ఇంట్లో ఇంకెవరికి పూసిందో అప్పుడే నాకు తట్టింది.

1963 ఫిబ్రవరి నా మొదటి నెల. కొండల్లో పెరిగినదాన్ని, పనికి భయపడలేదు గానీ ఆ గాలికి వారంలోనే చేతులు చీలి నెత్తురు కారాయి. నెత్తురు చుక్క పడిన కాగితం పారేయాల్సిందే. మూడు మచ్చలు పడితే కొత్తమ్మాయి ఇంటికే. ఊళ్లో నాకు ఇల్లెక్కడుంది? రోజూ చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే తిన్నాక పిన్ని నా చేతులు ఒళ్లో పెట్టుకుని మందు పట్టించేది, చనిపోయిన బాబాయి మేజోళ్లు చేతులకి తొడిగేది. పొద్దున సబ్బుతో కడిగించి పంపేది. ఆ మందు సబ్బుకి లొంగదని ఇద్దరికీ తెలియదు. కడిగితే పోతుందనే అనుకున్నాం. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె నిండిపోతుంది. అమ్మ పోయాక నా చెయ్యి అలా పట్టుకున్నది పిన్నే.

అంతవరకూ అర్థమైంది. అర్థం కానిది ఇంకోటి ఉంది. నా నంబరు ముప్పై ఒకటి. నేను చుట్టినవాటిలో పద్నాలుగు చీటీ ఎలా వచ్చింది?

పిన్ని పీట మీద మళ్లీ కూలబడింది. చాలాసేపు ఆవుతోనే మాట్లాడింది, నాతో కాదు. ఆఖరికి చెప్పింది. కొత్తమ్మాయిల పని ప్రతిదీ తనిఖీలో విప్పి చూస్తారు, పాతవాళ్లది చూడరు. నా మడతలు ముడతలు పడుతున్నాయట. నన్ను పంపించేస్తారని భయపడి, మధ్యాహ్నం తిండి గంటకీ, సాయంత్రం ఇంటి గంటకీ మా ఇద్దరి పళ్లేలూ మార్చేసేదట. తను చుట్టినవాటిలో నా చీటీ, నావాటిలో తన చీటీ. మూడు వారాలు, నా చెయ్యి కుదురుకునేదాకా.

ఆ మూడు వారాలు నాకు చిన్న విషయం కాదు. ఎందుకో చెప్తాను. ఆ నెలాఖరున మా గది మేస్త్రీ ఓబర్లీ అమ్మగారు ముప్పై ఒకటో నంబరు పళ్లెం ఎత్తి గదంతా చూపించి, కొత్తపిల్ల చూడండి ఒక్క ముడత లేదు అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు పట్టుకునే రెండేళ్లకి నన్ను ల్యాబులోకి తీసుకున్నారు. ఈ తెల్లకోటు, ఈ బల్ల, ఈ కుర్చీ అన్నీ ఆ పళ్లెంలోంచి వచ్చినవే. అది పిన్ని పళ్లెం.

"నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్లూ?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? ఆ పూటే పోయి మేస్త్రీకి చెప్పేస్తావు. నీ సంగతి నాకు తెలియదా." కళ్లు తుడుచుకుంది. "నీ చేతులు నెత్తురు కారుతుంటే నేను తలుపు మీది రాతలు చదువుకుంటూ కూర్చోవాలా? ఇప్పుడైనా విను. పద్నాలుగు అని రాయి, చెడ్డవి పద్నాలుగులోనే ఉన్నాయి, అవి తీసేస్తారు. నేను ఎల్లుండి ఎలాగూ ఇంటికొచ్చేస్తాను. వాళ్ల ఇత్తడి ముక్క లేకపోతే నాకు వచ్చిన లోటేం లేదు. నువ్వు ఇంకా ముప్పై ఏళ్లు అక్కడ చెయ్యాలి."

నిజం చెప్తున్నాను, ఒక్క నిమిషం ఒప్పుకున్నాను. మనసులో కాగితం రాసేసుకున్నాను కూడా. పద్నాలుగో నంబరు, మూడు వారాలు, అంతే. పైలట్లకి ఏ లోటూ లేదు, నాకూ లేదు. కానీ ఆరేళ్లుగా లెక్క సరిచూసే పనిలో ఉన్నదాన్ని కదా, నోరు ఊరుకోలేదు.

"మూడు వారాలూ, రోజూ మార్చావా పిన్నీ? ఒక్క రోజు కూడా తప్పలేదా?"

ఆవిడ మందు డబ్బా మూత బిగించింది. నేను మళ్లీ అడిగాను.

"సోమవారాలు కుదిరేది కాదు," అంది చివరికి, చాలా చిన్నగా. "సోమవారాలు ఓబర్లీ మన వెనకే నిలబడేది. ఆ రోజులవి నీవి నీ నంబరుతోనే వెళ్లాయి. అదృష్టం కొద్దీ అవి తనిఖీలో నెగ్గాయి."

అదృష్టం అంది పాపం. మూడు సోమవారాలు, రోజుకి ఎనిమిది చొప్పున ఇరవై నాలుగు బ్యాటరీలు, ముప్పై ఒకటి చీటీతో. పద్నాలుగు అని మాత్రమే రాస్తే ఆ ఇరవై నాలుగూ విమానాల్లోనే ఉండిపోతాయి. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పిన్ని మొహం తెల్లబోయింది. ఆవిడ నన్ను కాపాడాలనుకుంది గానీ, ఎవరి ప్రాణమో అడ్డం పెట్టి కాదు. నా దగ్గరికొచ్చి నా తల తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత పాలు వడగట్టుకుని లోపలికి వెళ్లాం.

తెల్లారి వంటింటి బల్ల మీదే ఉన్నది ఉన్నట్టు రాశాను. మందు, మేజోళ్లు, పళ్లేలు, సోమవారాలు. ల్యాబు నుంచి తెచ్చుకున్న ఆ నెల చిట్టా చూసి, వెనక పేజీ మీద నూట ఇరవై బ్యాటరీల నంబర్లూ దింపాను, సోమవారాలవి విడిగా. పిన్నిని పిలిచి చదివి వినిపిద్దామని చూస్తే ఇంట్లో లేదు. పర్ల్‌కి మేత వేసి ఉంది. ముందు బస్సుకే వెళ్లిపోయినట్టుంది, చుట్టే గదికి పోయి ఉంటుందనుకున్నాను.

పదికి పది నిమిషాల ముందు క్విలన్ గారి తలుపు తట్టి లోపలికి వెళ్తే, పిన్ని కుర్చీలో కూర్చుని ఉంది. ఆదివారం చర్చికి పెట్టుకునే నీలం టోపీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, నావైపు చూడకుండా. క్విలన్ గారి బల్ల మీద ఒక కాగితం ఉంది. పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో, కింద సంతకం.

నా కాగితం తీసుకుని దాని పక్కన పెట్టారు ఆయన. రెండూ చదివారు. మళ్లీ చదివారు. పిన్ని కాగితంలో ఏముందో నాకు చెప్పారు. మందు పూసుకున్నది తనే. సోమవారాలు కొత్తపిల్ల వెనకబడుతోందని తన పళ్లెంలోవి దాని పళ్లెంలో వేసింది, అందుకే ముప్పై ఒకటిలో కూడా ఆ జిడ్డు ఉంటుంది. పిల్లకి ఇవేవీ తెలియవు.

రాత్రంతా పడుకోలేదన్నమాట ఆవిడ. ఒక్క బ్యాటరీ కూడా తప్పిపోకుండా, నా మీద మచ్చ పడకుండా, చుట్టినంత జాగ్రత్తగా కట్టుకొచ్చింది ఆ అబద్ధాన్ని.

"రెండు కాగితాలూ తీయించే బ్యాటరీలు ఒకటే," అన్నారు క్విలన్ గారు. "నూట ఇరవై. పైన ఎగిరేవాళ్లకి ఏది పంపినా తేడా లేదు. తేడా ఈ గదిలోనే. ఏది నిజం?"

"నాదే," అంది పిన్ని.

"నాదండీ," అన్నాను నేను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు. కూర్చుంటూ, ఆ ఫిబ్రవరిలో తనిఖీ బల్ల దగ్గర ఉన్నదెవరో గుర్తుందా అని పిన్నిని అడిగారు. పిన్ని తలెత్తింది.

"కొత్తవాళ్లవి విప్పి చూసింది నేను, డెల్ఫియా. నీ మడత నాకు తెలియదా? అప్పటికే పదహారేళ్లుగా చూస్తున్నాను. ముప్పై ఒకటి చీటీ కింద నీ మడత కనిపించగానే తెలిసిపోయింది. ఆ పిల్ల చేతులు నేనూ చూశాను. నోరు మూసుకుని దాటించేశాను. సోమవారాలవి ముడతలతో వచ్చినా దాటించేశాను. పద్నాలుగులో ఏముందో విప్పి చూడాలని మాత్రం నాకు తోచలేదు."

అన్నేళ్లూ ఆయనకి తెలుసు. నన్ను ల్యాబులోకి తీసుకున్నదీ ఆయనే, ముడతలు చూసి మరీ. ఎందుకు తీసుకున్నారని అడగబోయాను. అప్పటికే ఆయన టైపు మిషన్లో మూడో కాగితం ఎక్కించి, ముందు తన పేరు కొట్టారు.

అప్పుడే ఫోను మోగింది. క్విలన్ గారు తీశారు. రెండు మాటలు విని, రిసీవరు మీద చెయ్యి అడ్డంపెట్టారు. విమానాల స్థావరం నుంచి తనిఖీ అధికారి, పొద్దున్నే తాను కబురు పెట్టానన్నారు. కారణం తేలిందా, నంబర్లేవి, చుట్టిందెవరు అని అడుగుతున్నాడన్నారు. పిన్ని కుర్చీలోంచి లేచి చెయ్యి చాచింది. నేను ముందే అందుకున్నాను.

"నా పేరు వెర్లీన్ హాస్కెట్ అండీ," అన్నాను. "ఆ బ్యాటరీలు చుట్టింది నేను."

అవతలి అధికారి తిట్టలేదు, ఎందుకని అడగలేదు. నంబర్లు చదవమ్మా, రాసుకుంటాను అన్నాడు, అంతే. నా కాగితం తిప్పి, ఎవరూ వెతకని సోమవారాలవి ముందు చదవడం మొదలుపెట్టాను. ఒక్కొక్కటి తిరిగి చెప్తూ, తన జాబితాలో చూసుకుంటున్నాడు. ఇది గోదాములో ఉంది. ఇది కూడా. ఇది మరమ్మతులో ఉన్న విమానంలో. పిన్ని నా పక్కకి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో నంబరు చదివాను.

అతను తిరిగి చెప్పలేదు. కాగితాలు తిప్పిన చప్పుడు, ఎవరినో పిలిచిన చప్పుడు వినిపించాయి.

"ఇంకోసారి చదవమ్మా, మెల్లగా," అన్నాడు.

చదివాను.

"అది ఉన్న విమానం నలభై నిమిషాల క్రితం పైకి లేచింది," అన్నాడు. "దానిలో ఇద్దరున్నారు."